వంత గొంతుల చరిత్ర
(ఇందూరు ప్రాంతంలో బృందగానం ఏర్పడిన తీరు)

తెలుగులో ‘వంత పాడటం’ అనే మాట తిట్టుగా స్థిరపడిపోయింది. పెత్తందారు చెప్పినదానికల్లా తల ఊపేవాణ్ణి, పై అధికారి మాటకు ‘అవునవును’ అనేవాణ్ణి వంతగాడంటున్నాం. రాజకీయ వ్యాఖ్యల్లో ఈ మాట రోజూ కనిపిస్తుంది. కాని బుర్రకథను ఒక్కసారి శ్రద్ధగా చూసినవారెవరూ ఈ అర్థాన్ని అంగీకరించలేరు. అక్కడ వంత తల ఊపేవాడు కాడు. కథకుణ్ణి ఆపి, అడిగి, నిలదీసి, నవ్వించి కథను ముందుకు నడిపేవాడు. ఇద్దరు వంతల్లో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయం చెబుతారు. ఆనాటి కథలోకి ఈనాటి ధరలనూ, పన్నులనూ, పోలీసు జులుమునూ తెచ్చేది ఆ రెండో వంతే. వంత లేకపోతే బుర్రకథ ఏకపాత్రాభినయంగా మిగిలిపోతుంది.

మన సాహిత్య చరిత్రలు మాత్రం కథకుల పేర్లు రాశాయి, వంతల పేర్లు రాయలేదు. పాట కట్టినవాణ్ణి కవి అన్నాయి, ఎత్తుకున్నవాణ్ణి గాయకుడన్నాయి, అందుకున్న పదిమందినీ ‘తదితరులు’ అన్నాయి. ఈ విస్మరణ యాదృచ్ఛికం కాదు. సాహిత్యాన్ని వ్యక్తి ప్రతిభగా మాత్రమే చూసే దృష్టి దీని వెనుక ఉంది. ఆ దృష్టిని విమర్శిస్తూ వచ్చిన మనం కూడా పాట విషయంలో దాన్నుంచి బయటపడలేదు.

నిజామాబాద్ పట్టణం, బోధన్ చెరకు ప్రాంతం, గోదావరి ఒడ్డున ఉన్న నందిపేట్ పల్లెలు — ఈ పరిధిలో జనం కలిసి పాడే బృందాలు ఏ పరిస్థితుల్లో ఏర్పడ్డాయో, ఎందుకు చెదిరిపోయాయో, మళ్ళీ ఏర్పడాలంటే ఏది అవసరమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇది ఒక్క జిల్లా ముచ్చట కాదు. ఇందూరులో జరిగినదాన్ని అర్థం చేసుకోవాలంటే గుంటూరుకూ మద్రాసుకూ, ఒకచోట వేల్స్ బొగ్గు గనులకూ వెళ్ళవలసి ఉంటుంది.

ఒక ఆక్షేపణ

బృందగానం మనది కాదనీ, పాశ్చాత్యుల చర్చి సంగీతం నుంచి దిగుమతి అయిందనీ కొందరు సంగీతజ్ఞులు అంటుంటారు. ఇది అర్ధసత్యం. నాలుగు గొంతులు నాలుగు వేర్వేరు స్వరాల మీద ఏకకాలంలో నడిచి ఒక్కటిగా వినిపించే పద్ధతి మన సంప్రదాయంలో పెరగలేదన్నది నిజమే. కాని ‘కలిసి పాడటం’ అంటే అదొక్కటే కాదు. మనది ఎత్తుకోలు – అందుకోలు పద్ధతి. ఒకరు చరణం ఎత్తుకుంటారు, మిగిలినవారు పల్లవినో, చివరి మాటనో అందుకుంటారు.

బతుకమ్మ పాటనే తీసుకుందాం. ప్రతి చరణం చివరా ‘ఉయ్యాలో’ అనో, ‘చందమామ’ అనో వలయమంతా అంటుంది. ఆ ఒక్క మాట మూడు పనులు చేస్తుంది. ఎత్తుకున్న మనిషికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇస్తుంది. తర్వాతి చరణాన్ని గుర్తు చేసుకోవడానికి, గుర్తు రాకపోతే అప్పటికప్పుడు అల్లుకోవడానికి అవకాశమిస్తుంది. పాట బొత్తిగా తెలియని కొత్త కోడలిని సైతం రెండో చరణానికల్లా పాటలో భాగస్వామిని చేస్తుంది. తాళం చప్పట్లది, కాలం అడుగుది. ఏ వాద్యమూ అక్కర లేదు, ఏ లిపీ అక్కర లేదు. చదువు అందని జనం తమ ఉమ్మడి జ్ఞాపకాన్ని కాపాడుకోవడానికి కనిపెట్టుకున్న సాధనమిది. కనుక అసలు ప్రశ్న బృందగానం మనదా కాదా అన్నది కాదు. బృందంలో ఎవరు ఉండవచ్చు, ఎవరు ఉండరాదు అన్నదే అసలు ప్రశ్న. చరిత్ర నడిచింది ఈ ప్రశ్న చుట్టూనే.

పుట్టుకతో వచ్చిన బృందం

ఫ్యూడల్ సమాజంలో గాయక బృందం ఒక కుటుంబం, ఆ కుటుంబం ఒక కులం. ఒగ్గు కథ, శారద కథ, చిందు యక్షగానం — అన్నీ ఇలాంటివే. ఇందూరు జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ ఈ సంప్రదాయపు మహాకళాకారిణి. 2005లో ఆమె మరణించేనాటికి చిందు భాగవతం అంటే ఆమె పేరే గుర్తుకు వచ్చేటంతగా జీవితాన్ని ఆ కళకు ధారపోసింది. చిందు మేళంలో భర్త, భార్య, పిల్లలు, మరదళ్ళు అందరూ కళాకారులే. వేషం కట్టినవారు ముందుంటే, కట్టనివారు వెనుక నిలబడి వంత అందుకుంటారు. మాదిగ వాడల్లో వారికి మిరాశీ హక్కు ఉంటుంది. ఏటా ఆ ఊరికి వచ్చి ఆడాలి, ఊరు ఇచ్చింది పుచ్చుకోవాలి.

ఈ బృందపు బలం ఎక్కడుందో బలహీనత కూడా అక్కడే ఉంది. పసితనం నుంచే తల్లి ఒడిలో పాట వినడం వల్ల శ్రుతి, తాళం రక్తగతమవుతాయి. తరాల కథాసంపద చెక్కుచెదరకుండా అందుతుంది. కాని బయటివాడు అందులో చేరలేడు, లోపలివాడు బయటికి పోలేడు. పాట ఇష్టమై పాడటం కాదది, పుట్టుక వల్ల పాడటం. ఆ పుట్టుకకు అంటగట్టిన అవమానాన్ని మోస్తూ పాడటం. ప్రాచీన కళలను కీర్తించేటప్పుడు ఈ రెండో పార్శ్వాన్ని విస్మరించరాదు. ఎల్లమ్మ కళకు నమస్కరించేవాడు ఆ కళాకారులను ఊరి చివర ఉంచిన వ్యవస్థకు నమస్కరించకూడదు.

బతుకమ్మ వలయం కూడా ఈ నియమానికి పూర్తిగా అతీతం కాదు. చాలా పల్లెల్లో ఏ వాడ వలయం ఆ వాడదే. పాట ఒకటే, వలయాలు వేరు.

భజన నేర్పిన పాఠం

కులవృత్తి కాని బృందం, ఇష్టంతో చేరిన బృందం మొదట ఏర్పడింది భజనలో. శనివారం రాత్రి హనుమాండ్ల గుడి ముందు తాళాలు, హార్మోనియం, తబలా పెట్టుకుని కూర్చునే మండలిలో పగలు నాగలి పట్టినవాడు, మగ్గం నేసినవాడు, దుకాణం నడిపినవాడు ఒకే చాప మీద కూర్చునేవారు. మహారాష్ట్ర సరిహద్దు కావడం వల్ల బోధన్, మద్నూర్ వైపు వార్కరీ సంప్రదాయపు సప్తాహాలు, అభంగాలు తెలుగు భజనతో కలిసిపోయాయి. భాష మరాఠీ, ఉచ్చారణ తెలుగు, తాళం ఉమ్మడిది.

ఈ ప్రాంతపు మరో ముఖ్య రూపం చిరుతల రామాయణం. ఊరు చందాలు వేసుకుని ఒక పంతులును పిలిపించుకుంటుంది. వ్యవసాయం పనులు తగ్గిన రోజుల్లో, వారాల తరబడి రాత్రిపూట సాధన నడుస్తుంది. వలయంగా నిలబడి, చేతుల్లో చిరుతలు వేస్తూ, అడుగు మారుస్తూ పాడాలి. రాముడి వేషానికీ రావణుడి వేషానికీ మనుషుల్ని ఎంచేది గొంతును బట్టి, జ్ఞాపకశక్తిని బట్టి. అక్షరం రానివాడు రామాయణమంతా కంఠస్థం చేసేవాడు. సామూహిక గానానికి శిక్షణ అవసరమనీ, శిక్షణకు గురువు అవసరమనీ, గురువుకు కూలి ఇవ్వడం ఊరి బాధ్యత అనీ గుర్తించిన పద్ధతి ఇది.

ఈ భజన మండళ్ళను ‘భక్తి’ అని తోసిపుచ్చడం మన విమర్శలో ఒక అలవాటు. ఆనాటి పరిస్థితిని చూడాలి. నిజాం రాజ్యంలో 1920ల చివర ‘గస్తీ నిషాన్ 53’ పేరిట వచ్చిన ఉత్తర్వు వల్ల అనుమతి లేకుండా బహిరంగ సభ జరపడానికి వీలు లేకపోయింది. నలుగురు ఒకచోట చేరి మాట్లాడుకోవడమే అనుమానాస్పదమైన కాలంలో నలుగురూ చేరి పాడగలిగిన చోటు భజన. అదే గొంతులకు సభ్యత్వాన్నీ, క్రమశిక్షణనూ, ఉమ్మడి ఊపిరినీ నేర్పింది. ఆంధ్ర మహాసభ ఆరవ సమావేశం 1937లో నిజామాబాద్‌లోనే జరిగింది. మరుసటి ఏడు, 1938లో, ఉస్మానియా విద్యార్థులు వసతిగృహంలో వందేమాతరం పాడినందుకే బహిష్కృతులై నాగపూర్ వెళ్ళి చదువు కొనసాగించవలసి వచ్చింది. అక్కడ నిషేధానికి గురైంది ఒక కవి పుస్తకం కాదు, ఒక సభ తీర్మానం కాదు. పదిమంది కలిసి గొంతెత్తడం. కలిసి పాడటంలో ఏముందో మన విమర్శకుల కంటే ముందే ప్రభుత్వం గ్రహించిందన్నమాట.

మన చర్చల్లో దాదాపుగా చోటు దొరకని మరో పాయ క్రైస్తవ గానం. 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆస్పత్రిని నెలకొల్పిన వెస్లియన్ మిషన్, 1924లో మెదక్‌లో మహాదేవాలయాన్ని పూర్తి చేసిన అదే మిషన్, ఈ ప్రాంతపు దళిత వాడల్లో పాటల పుస్తకాన్ని ప్రవేశపెట్టాయి. పురుషోత్తమ చౌదరి వంటి పంతొమ్మిదో శతాబ్దపు వాగ్గేయకారులు రాగతాళాలతో రచించిన తెలుగు కీర్తనలు ఆ పుస్తకంలో ఉన్నాయి. గుడి మెట్లు ఎక్కనివ్వని జనం అచ్చు పుస్తకం చేతబట్టుకుని, వరుసల్లో నిలబడి, కలిసి పాడారు. మతం సంగతి ఎలా ఉన్నా ఇది సామాజిక చరిత్రలో గణనీయమైన మార్పు. దీన్ని నమోదు చేయకపోవడం మన లోపం.

దళం

పుట్టుక బృందాన్నీ భక్తి బృందాన్నీ రెండింటినీ తనలో కలుపుకుని కొత్తది సృష్టించింది ప్రజానాట్యమండలి. 1943 మే నెలలో బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘం ఏర్పడింది. ఆ ఏడే ఆంధ్రలో డాక్టర్ గరికపాటి రాజారావు నాయకత్వంలో ప్రజానాట్యమండలి రూపుదిద్దుకుంది. జంగం కథ, గొల్లసుద్దులు, పిచ్చిగుంట్ల కథ, వీధి భాగవతం — కులవృత్తులుగా ఉన్న ఈ రూపాలన్నిటినీ అది తీసుకుని వాటిని కులం నుంచి విడదీసింది. జంగం కథలో కథకుడికి వంత పాడేది అతని ఇంటి ఆడవారు. ప్రజానాట్యమండలి బుర్రకథలో దూదేకుల కుటుంబంలో పుట్టిన నాజర్ కథకుడయ్యాడు, ఏ రక్తసంబంధమూ లేని సహచరులు వంతలయ్యారు. నాజర్ తన ఆత్మకథకు ‘పింజారి’ అని పేరు పెట్టుకోవడంలో ఈ చరిత్ర అంతా ఉంది. ఏ పుట్టుకను లోకం చిన్నచూపు చూసిందో ఆ పుట్టుక పేరే పుస్తకానికి పేరయింది.

మోటూరి ఉదయం నాయకత్వంలో స్త్రీల బుర్రకథ దళం ఏర్పడటం ఇంకా పెద్ద అడుగు. కొండపల్లి కోటేశ్వరమ్మ వంటివారు ప్రజానాట్యమండలిలో పాడారు. గృహిణి వేదిక ఎక్కడమే అపచారమైన కాలంలో స్త్రీలు కథకులై, వంతలై ఊరూరా తిరిగారు. ‘దళం’ అన్న మాట ఎంపికే గమనార్హం. ‘మేళం’ పుట్టుకను సూచిస్తుంది, ‘మండలి’ భక్తిని సూచిస్తుంది, ‘దళం’ ఒక పని కోసం స్వచ్ఛందంగా చేరినవారిని సూచిస్తుంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించడంతో ఈ దళాల మీద వేటు పడింది. అటు తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీలను పోరాటానికి మళ్ళించాడు.

ఇక్కడ ఒక నిజాన్ని నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. సాయుధ పోరాటపు గుండెకాయ నల్లగొండ, వరంగల్లు ప్రాంతం. ఇందూరు దాని అంచు. ఇందూరుకు దక్కిన కీర్తి జైలుది. 1948లో దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి ఖైదీలుగా ఉన్న ఖిల్లా జైలు గోడ మీద బొగ్గుతో రాసిన పద్యం తెలుగువారందరికీ తెలుసు. అది మహత్తరమైన ఘట్టమే. అయితే పద్యం ఒక్కడు రాసి ఒక్కడు చదివేది. దాన్ని గోడ మోసింది. పాటను మోయడానికి మనుషులు కావాలి. మనం గోడను స్మారకం చేసుకున్నాం, మనుషుల్ని చేసుకోలేదు.

చక్కెర ఫ్యాక్టరీ ఎందుకు పాడలేదు?

నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీటితో చెరకు పెరిగింది. ఆ చెరకు కోసం 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడిన ఫ్యాక్టరీ అది. వేలాది కార్మికులు ఒకచోట చేరారు. మరి ఆ జనసమూహం నుంచి ఒక స్థిరమైన గాయక బృందం ఎందుకు పుట్టలేదు?

పోలిక కోసం వేల్స్‌ను చూడవచ్చు. అక్కడి బొగ్గు లోయల్లో పంతొమ్మిదో శతాబ్దంలో గని కార్మికుల గాన బృందాలు లెక్కకు మిక్కిలిగా వెలిశాయి. 1872లోనూ 1873లోనూ లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన పోటీలో గెలిచిన దక్షిణ వేల్స్ మహాబృందానికి నాయకుడు వృత్తిరీత్యా కమ్మరి. దానికి మూడు భౌతిక కారణాలున్నాయి. ఏడాది పొడవునా ఒకే గనిలో పని ఉండేది. అందరూ ఒకే భాషలో ప్రార్థించే చిన్న చిన్న చర్చిలుండేవి. జాన్ కర్వెన్ ప్రచారం చేసిన ‘టానిక్ సోల్ఫా’ అనే సులువైన స్వరలిపి చౌక పుస్తకాల్లో అచ్చయి కూలివాడి చేతికి అందింది.

బోధన్‌లో ఈ మూడూ లేవు. చెరకు ఆడించడం ఏడాదిలో కొన్ని నెలల పని. ఆ సీజను అయిపోగానే తాత్కాలిక కార్మికుడు ఊరికి పోతాడు. చెరకు నరికే ముఠాలు ఎక్కడ పొలం ఉంటే అక్కడికి కదులుతుంటాయి. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం — నాలుగు భాషల జనం ఒకే గేటు లోపలికి నడిచారు. ఉర్దూవారికి ముషాయిరా ఉంది, మరాఠీవారికి అభంగం ఉంది, నిజాంసాగర్ కాలువల కింద క్యాంపులు వేసుకున్న కోస్తావారికి పద్యనాటకం ఉంది, స్థానికులకు చిరుతలు ఉన్నాయి. ఎవరి పాట వారికుంది. అందరూ అందుకోగల పల్లవి ఒకటి ఏర్పడలేదు. ఆ పల్లవిని కట్టవలసిన బాధ్యత రచయితలది, సంఘాలది.

2002లో ఫ్యాక్టరీ ప్రైవేటుపరమైంది. 2015 డిసెంబరులో మూతపడింది. వేల్స్‌లో గనులు మూతపడ్డాక కూడా గని బృందాలు చాలా కాలం పాడుతూనే వచ్చాయి. పని పోయినా పనివాళ్ళ ఐక్యతకు ఒక రూపం మిగిలింది. బోధన్‌లో చిమ్నీ మిగిలింది. బృందాన్ని నిర్మించుకోకపోవడం వల్ల ఏం పోతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర లేదు.

ధూంధాం నుంచి జీతం దాకా

1972లో హైదరాబాద్‌లో ఏర్పడిన జననాట్యమండలి దళం అన్న భావనను మళ్ళీ నిలబెట్టింది. గద్దర్ (1949–2023) భుజాన గొంగడి, కాలికి గజ్జె, చేతిలో కర్ర — ఇవన్నీ అందరికీ గుర్తే. ఆయన వెనుక డోలక్ వాయించినవారు, పల్లవి అందుకున్నవారు, పల్లవి మధ్య ‘ఆ’ అని ఊపిరి పోసినవారు ఎందరికి గుర్తున్నారు? గద్దర్ మాట ఆపి పాటలోకి, పాట ఆపి మాటలోకి వెళ్ళగలిగింది ఆ కాసేపు పాటను వంతలు పడిపోనివ్వకుండా పట్టుకోవడం వల్లనే. 1980లో ‘మా భూమి’ సినిమా ఈ బాణీలను తెర మీదికి తెచ్చింది, క్యాసెట్లు ఇంటింటికీ తెచ్చాయి.

తెలంగాణ ఉద్యమ కాలంలో కళాకారుల ఉమ్మడి వేదికగా ‘ధూంధాం’ మొదలైంది. 2002 సెప్టెంబరులో మొదటి ధూంధాం జరిగింది ఆనాటి నిజామాబాద్ జిల్లాలోని కామారెడ్డిలోనే. అంచు అనుకున్న జిల్లా ఒక కొత్త రూపానికి పుట్టినిల్లయింది. వేర్వేరు రాజకీయాల గాయకులు ఒకే వేదిక మీద ఒకరి పాటకు ఒకరు వంత అయ్యారు. ఈ ఒక్క అంశమే ధూంధాంను చరిత్రలో నిలబెడుతుంది. ప్రధాన గాయకుడు వంతగా మారడానికి సిద్ధపడిన వేదిక అది.

2014లో రాష్ట్రం ఏర్పడింది. బతుకమ్మ రాష్ట్ర పండుగయింది. ‘తెలంగాణ సాంస్కృతిక సారథి’ ఏర్పడి వందలాది కళాకారులకు నెల జీతం వచ్చింది. దీన్ని ఎద్దేవా చేయడం తేలిక. నేను చేయను. ఆకలి కళాకారుడి అలంకారం కాదు. ఎల్లమ్మ తరం అనుభవించిన దారిద్ర్యాన్ని చూసినవాడెవడూ కళాకారుడికి జీతమెందుకని అడగడు. కాని ఒక ప్రశ్న మాత్రం తప్పదు. ఉద్యమంలో రెండో వంత అడిగిన ప్రశ్నను ప్రభుత్వ పథకాల ప్రచార బృందంలో ఎవరు అడుగుతారు? హాస్య వంత ఉంది, రాజకీయ వంత సెలవులో ఉంది. అక్కడ వంత నిజంగానే నిఘంటువులోని తిట్టుకు దగ్గరవుతుంది. అందెశ్రీ పాటను 2024లో రాష్ట్ర గీతంగా స్వీకరించడం సముచితమే. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే బడుల్లో, సభల్లో జనం దాన్ని నిలబడి పాడారు. ఉత్తర్వు కన్నా ముందు గొంతులు దానికి ఆ హోదా ఇచ్చాయి. క్రమం ఇలాగే ఉండాలి.

డబ్బాల పాట

నందిపేట్ ప్రాంతం శ్రీరాంసాగర్ జలాశయపు ఒడ్డు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు కింద ఎన్నో పల్లెలు మునిగాయి. ఊరు లేచి మరోచోట కూర్చున్నప్పుడు ఇళ్ళు కదులుతాయి గాని ఇళ్ళ వరుస కదలదు. గుడి అరుగు, చావడి, బతుకమ్మ ఆడే బొడ్రాయి కూడలి — వీటి చుట్టూ అల్లుకున్న బృందాలు చెల్లాచెదురయ్యాయి. ఆ తర్వాత గల్ఫ్ వలస వచ్చింది. చిరుతల రామాయణానికి ఇరవై నుంచి నలభై ఏళ్ళ మగవారు ముప్ఫై మంది, వారాల తరబడి రాత్రులు కావాలి. ఆ వయసువారు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నారు. చిరుతలు మూలపడటానికి కారణం జనంలో అభిరుచి తగ్గడం కాదు. మనుషులు లేకపోవడం.

మిగిలింది ఆడవారు. ఈ పల్లెల్లో బీడీలు చేయని ఇల్లు అరుదు. ఒళ్ళో చాట, చాటలో ఆకు, తంబాకు, వేలికి దారం. వెయ్యి బీడీల లెక్కన కూలి. చేతులు ఖాళీ ఉండవు, నోరు ఖాళీగా ఉంటుంది. నలుగురైదుగురు ఒక అరుగు మీద చేరి చేసుకునే పని. బృందగానానికి ఇంతకంటే అనువైన శ్రమ మరొకటి లేదు. వెనుకటి తరం ఈ అరుగుల మీదే పాటలు నేర్చింది, నేర్పింది. ఇప్పుడు అరుగు మీద సెల్‌ఫోన్ ఉంటుంది.

మా దగ్గరి ఊళ్ళో ఒక సద్దుల బతుకమ్మ నాడు చూసిన దృశ్యం చెప్పాలి. కూడలిలో మనిషి ఎత్తు స్పీకర్లు, రికార్డింగ్ పాట. మధ్యలో బతుకమ్మలు. చుట్టూ ఆడవారు పాటకు తగినట్టు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. ఒక్క నోరూ కదలడం లేదు. ఒకప్పుడు రాత్రంతా ఎత్తుకోగల పేరున్న ఒక పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. “ఏమ్మా, నువ్వు పాడుతలేవా?” అంటే, “యాడ పాడుదు సారూ? గిప్పుడు పాటంత డబ్బాలనే అస్తది. మాకు చప్పట్లే మిగిలినయ్,” అంది.

ఆ ఒక్క వాక్యం ఒక చారిత్రక పరిణామాన్ని మొత్తంగా చెబుతోంది. స్పీకరు ఊపిరి పీల్చుకోదు. కాబట్టి దానికి వంత అవసరం లేదు. చరణం మరిచిపోదు. కాబట్టి కొత్త చరణం పుట్టదు. 2016లో హైదరాబాద్ మైదానంలో తొమ్మిది వేలకు పైగా స్త్రీలతో బతుకమ్మ ఆడించి గిన్నిస్ రికార్డు సాధించాం. తలల సంఖ్య లెక్కించడం వచ్చింది. గొంతుల సంఖ్య ఎవరు లెక్కిస్తారు?

మన పని

పాత రూపాలను ఉన్నవి ఉన్నట్టు కాపాడాలని నేను అనడం లేదు. కులమేళం తిరిగి రావాలని ఏ అభ్యుదయవాదీ కోరడు. కావలసింది కొత్త బృందం, ఇష్టంతో చేరేది. దానికి దారి చూపిన మనిషి ఒకాయన ఉన్నాడు. 1925లో చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ కమ్యూనిస్టు, సినీ సంగీత దర్శకుడు. 1970ల తొలినాళ్ళలో మద్రాస్ యూత్ కోయిర్‌ను స్థాపించి, విద్యార్థులనూ ఉద్యోగులనూ చేర్చుకుని, భారతీయ భాషల పాటలకు బహుగళ కూర్పు చేశాడు. కలిసి పాడేవాడు ముందు పక్కవాణ్ణి వినడం నేర్చుకోవాలన్నదే ఆయన కృషి సారాంశం. 1980 దశకంలో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ఉపాధ్యాయుల కోసం నడిపిన సామూహిక గాన శిబిరాల్లోనూ ఆయన పాలుపంచుకున్నాడు. 1988లో మరణించాడు. మన బడులకు ఆ శిబిరాల నుంచి మిగిలింది ప్రార్థన సమయం మాత్రమే.

ఈ అవగాహనతో తొమ్మిదో తరగతి పిల్లలు పన్నెండుమందితో ఒక ప్రయత్నం చేశాను. మొదటి ప్రయత్నం విఫలమైంది. కారణం పిల్లలు కాదు, నేను పెట్టిన మైకు. మైకు ఒకటే, అందరికీ అదే కావాలి. ముందు నిలబడినవాళ్ళు పాడారు, వెనుకవాళ్ళు పెదవులు కదిపారు. మైకు తీసేశాను. వలయంగా నిలబెట్టాను. ఒక్కో చరణం ఒక్కొక్కరు ఎత్తుకోవాలి, మిగిలిన పదకొండుమంది అందుకోవాలి అన్నాను. శ్రుతి ఎవరిది వారిదిగా పోయింది. ఎత్తు గొంతు పిల్ల ఎత్తుకుంటే తగ్గు గొంతు పిల్లలకు అందలేదు. వాళ్ళే తర్కించుకుని ఒక మధ్య శ్రుతి పట్టుకున్నారు. రెండో నెలలో ఒక అమ్మాయి ఇంట్లో బీడీలు చేసే నాయనమ్మ దగ్గర్నుంచి ఒక బాణీ తెచ్చింది. దానికి మాటలు మాత్రం పిల్లలే కట్టారు. ఆ మాటల్లో వెయ్యి బీడీల కూలి లెక్క వచ్చింది. నేను చెప్పలేదు. రాజకీయ వంత తిరిగి వచ్చిందనిపించింది.

ఇది ఘనకార్యమని చెప్పడం లేదు. ఆ పిల్లలు పదో తరగతి కాగానే తలోదిక్కూ వెళ్ళారు, బృందం ఆగింది. చిరుతల పంతులు ఊరు మారగానే ఆగిన ఆట కూడా ఇలాంటిదే. ఒక్క మనిషి మీద ఆధారపడిన బృందం ఆ మనిషితోనే పోతుంది. అందుకే ఇది సంఘాలు చేపట్టవలసిన పని. మన శాఖల సమావేశాల్లో కవి సమ్మేళనం ఉంటుంది, ఒక్కొక్కరుగా వచ్చి చదివి వెళతాం. కలిసి ఏదీ పాడం. కవులు గేయాలు రాస్తున్నారు, కాని పల్లవిని పదిమంది అందుకోగలరా అని సరిచూసుకుంటున్నవారు తక్కువ. పల్లవి పొడవు ఊపిరి పొడవును మించరాదన్న చిన్న సూత్రం బతుకమ్మ కట్టిన నిరక్షరాస్యురాలికి తెలుసు. ఎం.ఏ. చదివిన మనం దాన్ని ఆమె దగ్గర మళ్ళీ నేర్చుకోవలసి ఉంది.

సాహిత్య విద్యార్థులకు ఒక పని మిగిలి ఉంది. మీ మీ ఊళ్ళలో ఒకప్పటి దళాల్లో, మేళాల్లో, భజనల్లో వంత పాడినవారు ఇంకా కొందరు బతికే ఉన్నారు. కథకుడి గురించి కాదు, వారి గురించి అడగండి. ఏ చోట అందుకునేవారు, ఎక్కడ ఆపి ఏం అడిగేవారు, జనం ఎక్కడ తామూ గొంతు కలిపేవారు — రాసి పెట్టండి. ఆ పేర్లు చేరేదాకా మన పాట చరిత్ర సగమే రాసినట్టు.